హారూన్ చేప

ఈ మే నెల మొదట్లో మావాణ్ణి బడి నుంచి తీసుకొస్తూ షార్జాలో అల్ నహ్దా సిగ్నల్ దగ్గర కారు ఆపాను. ఎదురుగా ఉన్న భవనంలో, ఏడో అంతస్తో ఎనిమిదో అంతస్తో, ఒక బాల్కనీకి గుడ్డచేప కట్టి ఉంది. నీలం చేప. పెద్ద తెల్లకన్ను. గాలి వచ్చినప్పుడు తెరిచిన నోట్లోంచి గాలి దూరి ఒళ్ళంతా ఉబ్బి అడ్డంగా లేస్తోంది, గాలి తగ్గగానే తోక జారేసుకుని గోడకు అతుక్కుపోతోంది. చూసిన మరుక్షణం నేను వెనక్కి చెయ్యి చాచి మావాడి చొక్కా పట్టుకున్నాను. వాడికి ఎనిమిదో ఏడు. వెనకసీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాడెక్కడికి పోతాడని పట్టుకున్నానో నాకే తెలియదు. "ఏంటమ్మా, వదులు," అని గింజుకున్నాడు. వెనకున్నవాళ్ళు హారన్లు కొడితే గానీ వదల్లేదు.

దానికి ఓ రెండు వారాల ముందే రాయచోటి నుంచి ఫోన్ వచ్చింది. ఆపా పోయిందని వాళ్ళ కూతురు చెప్పింది. అయ్యో అన్నాను, ఎలా అని అడిగాను, అడగాల్సినవన్నీ అడిగాను. ఏడుపు మాత్రం రాలేదు. ఆ చేపను చూశాక, సిగ్నల్ దాటి ఫార్మసీ ముందు కారు పక్కకు తీసి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఆపా అనే పిలిచేవాళ్ళం. అక్క అని అర్థం. ఆమె అసలు పేరు వీసా కాగితాల మీద మా ఆయన సంతకం పక్కన ఉండేది, అంతే. కరోనా ఏడాది చివర్లో మా ఇంటికి వచ్చింది. మా ఆయన ఉద్యోగం దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో. అక్కడే పక్క కంపెనీలో పనిచేసే ఒక జపాన్ మేనేజరు కుటుంబంతో సహా స్వదేశానికి వెళ్ళిపోతూ, "మా పిల్లాణ్ణి పుట్టినప్పటినుంచీ ఈమే పెంచింది, ఎవరైనా మంచివాళ్ళింట్లో పెట్టండి," అని అందరినీ అడిగాడట. మా ఆయన మంచివాళ్ళ జాబితాలో మమ్మల్ని చేర్చేసి సరే అని వచ్చాడు. అప్పటికి మావాడికి రెండేళ్ళు. నేను ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తూ, వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మీటింగుల్లో మాట్లాడుతూ, ఇంక నావల్ల కాదనే దశలో ఉన్నాను.

ఆమె వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పొట్టి మనిషి. తలకు చుట్టుకున్న గుడ్డను గడ్డం కింద పిన్నీసుతో బిగించింది. చేతి గాజులకు ఇంకో గుత్తెడు పిన్నీసులు. సూట్‌కేసు గుమ్మంలో పెట్టి, వంటిల్లెక్కడ, నా గది ఎక్కడ అని అడగలేదు. తిన్నగా కిటికీల దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్క గడియా లాగి చూసింది. మాది పదకొండో అంతస్తు. బాల్కనీ అద్దం తలుపు ముందు ఒక్క క్షణం నిలబడి కిందికి చూసి, రెండు అడుగులు వెనక్కి వేసింది.

"ఈ సోఫా కిటికీ కింద ఎవురు పెట్టినారు మ్మా?" అంది.

నేనే పెట్టానన్నాను. వెలుతురుకు.

"వెలుతురు యాడికీ పోదులే," అని, నన్ను రెండో చివర పట్టుకోమని సోఫాను అవతలి గోడకు చేర్పించింది. కుర్చీలు, మోడా, షూ స్టాండు, వాడి ఆటబొమ్మల డబ్బా అన్నీ ఆ గంటలోనే కిటికీలకు దూరంగా జరిగిపోయాయి. సాయంత్రం మా ఆయన వచ్చి హాలు మధ్యలో నిలబడి, "ఇంతకీ ఈ ఇంట్లో కఫీల్ నేనా, ఆమేనా?" అన్నాడు. కఫీల్ అంటే వీసా ఇప్పించిన యజమాని. నవ్వాం. తర్వాత ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ సోఫా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆపా ఎడమచెయ్యి గురించి చెప్పాలి. కుడిచేత్తో ఆమె అన్నం తినిపించేది, గిన్నెలు తోమేది, ఫోన్లో రాయచోటి వాళ్ళతో మాట్లాడేది. ఎడమచెయ్యి మాత్రం ఎప్పుడూ మావాడి వీపుకు జానెడు దూరంలో గాల్లో ఉండేది. ముట్టుకోదు. వేళ్ళు విప్పి సిద్ధంగా ఉంచుతుంది. వాడు పరిగెత్తితే ఆ చెయ్యి కూడా పరిగెత్తేది. వాడు నిద్రపోతుంటే పక్కన కూర్చుని కూడా ఆ వేళ్ళు అలాగే విప్పుకుని ఉండేది. నాకు మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత చిరాకేసేది.

వంటింట్లో ఉన్నప్పుడు చెయ్యి అందదు కాబట్టి గొంతు పంపేది. కూర కలుపుతూ ఉన్నట్టుండి, "యాడుండావ్?" అని కేకేసేది. వాడు ఎక్కడున్నా, "ఉండా," అనాలి. అనకపోతే పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా వదిలేసి వచ్చేసేది. మావాడికి మాటలు బాగా వచ్చేసరికి ఇది వాడి మొదటి ఆటైపోయింది. రాజమండ్రి నుంచి మా అత్తగారు వీడియోకాల్‌లో, "ఏరా తండ్రీ, బావున్నావా?" అంటే, "ఉండా," అనేవాడు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, "గోదావరి పిల్లాడికి సీమ యాస అంటించారే," అని నిట్టూర్చేది.

పడతావ్ అనే మాట మా ఇంట్లో నిషిద్ధం. నేనొకసారి అలవాటుగా, "ఒరేయ్ మంచం మీద గెంతకు, పడ..." అన్నానో లేదో ఆమె వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది. నిజంగానే పెట్టేసింది, ఉల్లిపాయ వాసన చేత్తో.

"ఆ మాట అనొద్దు మ్మా. చెవులుంటాయి."

"ఎవరికి?"

"ఏమో. ఎవురికో."

నాకు ఒళ్ళు మండింది. నేను కాకినాడలో డాబా పిట్టగోడ మీద నడిచి పెరిగినదాన్ని. ఇంత భయం ఏంటి, పిల్లాణ్ణి పిరికివాణ్ణి చేస్తోంది అని మా ఆయన దగ్గర రుసరుసలాడాను. ఆ మాట అన్న నెలలోపే, మా వెనకవీధి భవనం ముందు ఒక సాయంత్రం అంబులెన్సు ఆగింది. జనం తలలు పైకెత్తి ఒక కిటికీ వైపు చూస్తున్నారు. ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఈ ఊళ్ళో పిల్లలున్న ప్రతి తల్లికీ తెలిసిన సంగతే అది. ఆపా కుళాయి కట్టేసింది, తడిచేతులతోనే మావాణ్ణి ఎత్తుకుని, వాడి తల వాసన చూస్తూ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. పెదవులు కదులుతున్నాయి. ఆ వారమంతా మా ఇంట్లో కర్టెన్లు తీయలేదు.

నాకు కలలు మొదలైంది అప్పుడే. తెరిచిన కిటికీ, దాని కింద ఖాళీ కుర్చీ. అంతే కల. లేచి వెళ్ళి గడియలు చూసుకుని వచ్చి పడుకునేదాన్ని. ఒకరోజు ఆమె మీద విసుక్కున్నాను కూడా. "మీ భయం నాకంటించారు ఆపా. హాయిగా ఉండేదాన్ని."

"అంటితే మంచిదే మ్మా," అంది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. దుబాయ్ బియ్యంలో రాళ్ళుండవు. అయినా ఏరేది.

"మీ వాళ్ళెవరికైనా ఏమైనా జరిగిందా?"

"ఏమీ కాలేదు. కానందుకే బయ్యం. అయినోళ్ళు ఇంగ దేనికి బయపడతారు?"

ఆమె సొంతపిల్లలు ముగ్గురూ రాయచోటిలో అమ్మమ్మ దగ్గర పెరిగి పెద్దవాళ్ళయ్యారు. ఈమె ఇక్కడ ఇంకొకళ్ళ పిల్లల వెనక చెయ్యి పెట్టుకుని తిరిగింది. వాళ్ళను "యాడుండావ్" అని ఫోన్లోనే అడిగేది.

ఇక చేప సంగతి. ఆమె మాతో ఉన్న మొదటి రంజాన్‌లో, ఉపవాసాలు ఇంకా నడుస్తుండగానే, సూట్‌కేసు అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో చీరలా మడతపెట్టిన నీలంగుడ్డ. విప్పితే మనిషంత పొడవు చేప.

"ఇది హారూన్ చేప మ్మా," అంది.

హారూన్ అంటే ఆ జపాన్ పిల్లాడు. వాడి పేరు హారు. ఆమె నోట్లో రెండోరోజుకే హారూన్ అయ్యాడట, వాళ్ళమ్మ నవ్వి ఊరుకుందట. మే అయిదున జపాన్‌లో పిల్లల పండగ. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గుడ్డచేపలు గాల్లో ఎగరేస్తారట. నల్లది తండ్రికి, ఎర్రది తల్లికి, చిన్నవి పిల్లలకు. ఆ చేప ఏటికి ఎదురీదే చేప, పిల్లాడు కూడా అంత గట్టిగా నిలబడాలని, ఏ పీడా తగలకూడదని. ఆమె చెప్తుంటే నేను ఫోన్లో వెతికి చూశాను, అన్నీ నిజమే.

"మరి ఇది మీ దగ్గరెందుకుంది?"

ఆ ప్రశ్న వస్తుందనే ఆమె అన్ని నెలలూ ఆ కవరు బయటికి తీయలేదనుకుంటాను. సామానంతా పెట్టెల్లో సర్దేసి, కింద టాక్సీ వచ్చి ఆగి ఉండగా, అలమర వెనక ఈ చేప దొరికిందట. ఆ తల్లి దీన్ని ఆపా చేతుల్లో పెట్టి, నువ్వుంచు, అక్కడ వేరేది కొంటాం అందట. తర్వాత వాళ్ళ దుబాయ్ నంబరు పనిచేయలేదు. అక్కడి నంబరు ఈమె దగ్గర లేదు. మా ఆయన వాళ్ళ కంపెనీకి మెయిల్ పెట్టాడు, జవాబు రాలేదు.

"వేరేది కొంటారు, నిజమే," అంది. "కానీ వాడు పుట్టినప్పుడు కొన్నది ఇది గదా. వాని పీడంతా దీనికి తెలుసు. ఇది అమానతు మ్మా."

అమానతు అంటే ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిపోయిన సొత్తు. దాన్ని వాడుకోకూడదు, పోగొట్టకూడదు. ఆపా దృష్టిలో అంతకన్న పెద్ద బాధ్యత లేదు. కాపాడేది అల్లానే, ఆ సంగతి నాకు తెలుసు అంటూనే, ఈ చేపను మే అయిదున ఎగరేయకపోతే అక్కడెక్కడో హారూన్‌కు ఏదో అవుతుందని ఆమె వణికిపోయేది. ఎగరేయాలంటే బాల్కనీలో కట్టాలి. బాల్కనీ అంటే ఆమెకు ప్రాణం పోయేంత భయం. పాపం, ఏ భయాన్ని ముందు చూసుకోవాలో తెలియక ఆ పూటంతా ఆ కవరు పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

చివరికి ఎగరేసింది. మావాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టి, కదలనివ్వొద్దని ఒట్టు వేయించుకుని, తను వెళ్ళి బాల్కనీ బట్టల కమ్మీకి కట్టింది. పావుగంటలో వాచ్‌మన్ పైకొచ్చాడు. పెషావర్ ముసలాయన, మంచివాడే. "మేడమ్, బాల్కనీ మే కుఛ్ నహీ లట్‌కానా. బలదియా ఆయేగా, ఫైన్ లగాయేగా," అన్నాడు. బాల్కనీలో ఏమీ వేలాడదీయకూడదు, బలదియా వచ్చి జరిమానా వేస్తుందట. బలదియా అంటే మున్సిపాలిటీ. ఆపా ముఖం తెల్లబోయింది. ఆయన దిగిపోయాక ఆమె బుర్ర పెట్టి ఒక ఏర్పాటు చేసింది. చేప మూతికి పొడుగాటి తాడు కట్టి, దాన్ని కమ్మీ మీంచి తిప్పి, అద్దం తలుపు సందులోంచి హాల్లోకి తెచ్చి, వంటింటి గుమ్మం పక్కనున్న సోఫా కాలికి లాగుముడి వేసింది. వాచ్‌మన్ మెట్ల దగ్గర కనిపిస్తే ముడి విప్పకుండానే తాడు లాగితే చేప లోపలికి వచ్చేస్తుంది. పెద్ద ఇంజనీరే అన్నాడు మా ఆయన.

ఆ ఏడు పండగ బాగానే జరిగింది. ఆ రోజు వాళ్ళు పిల్లలకు కత్తుల్లాంటి పొడుగాకులు వేసిన వేడినీళ్ళు పోస్తారట. షార్జాలో ఆ ఆకులు దొరక్క ఆమె ఉల్లికాడలు వేసింది. మావాడు రెండ్రోజులు ఉల్లికాడల వాసన కొట్టాడు. సూపర్‌మార్కెట్ ప్రకటన కాగితం మడిచి వాడికి యుద్ధానికి వెళ్ళేవాడి టోపీ చేసింది, నుదుటి మీద కోళ్ళ ధరలు కనిపించేలా. బియ్యప్పిండి ఉండలు చేసి ఆకులో చుట్టింది. తను ఉపవాసం కాబట్టి రుచి నన్ను చూడమంది. తియ్యగా ఉన్నాయి, కొంచెం గట్టిగా. సాయంత్రం చేపను లోపలికి లాగి, మడతపెట్టి, కళ్ళకద్దుకుని కవర్లో పెట్టింది.

రెండో ఏడు రంజాన్ పండగైన మూడోరోజుకే మే అయిదు వచ్చింది. ఇంట్లో ఇంకా షీర్‌ఖుర్మా మిగిలి ఉంది. మావాడికి నాలుగో ఏడు నిండబోతోంది, ఎక్కడం నేర్చాడు, తలుపులు తోయడం నేర్చాడు. ఆమె పొద్దున్నే చేపను కట్టింది, తాడు సోఫా కాలికి తెచ్చింది. నేను పడగ్గదిలో మీటింగులో ఉన్నాను.

తాడు తలుపు సందులో ఉంది కాబట్టి ఆ అద్దం తలుపుకు గడియ పడదు. ఇంతకాలం ఆ ఇంట్లో వెయ్యికళ్ళతో గడియలు చూసిన మనిషికి ఆ సంగతి తట్టలేదు. ఆమె ఆ రోజు కళ్ళన్నీ వాచ్‌మన్ మీద, హారూన్ మీద పెట్టుకుంది. బాల్కనీలో ఎక్కడానికి ఏమీ ఉంచలేదు కూడా, ఒక్క తులసికుండీ తప్ప. దాన్ని ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు. "తులసమ్మను లోపల పెట్టుకోగూడదా మ్మా?" అని ఒకసారి నెమ్మదిగా అడిగింది. అత్తయ్య రోజూ పొద్దున్నే వీడియోలో దణ్ణం పెట్టుకుంటారు, తూర్పుకే ఉండాలి అన్నాను. మీ దేవుడి విషయం నాకెందుకులే అన్నట్టు తలూపి, మళ్ళీ అడగలేదు.

ఇసుకగాలి మొదలైంది. మీటింగులో ఎవరో ఏదో మాట్లాడుతున్నారు. వంటింట్లోంచి మామూలుగానే, "యాడుండావ్?" అని వినిపించింది.

"ఉండా."

ఆ "ఉండా"లో గాలి చప్పుడు ఉంది. నేను కుర్చీలోంచి ఎలా లేచానో తెలియదు. హాల్లోకి వచ్చేసరికి ఆపా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె భుజం మీంచి చూశాను. అద్దం తలుపు పిల్లాడు పట్టేంత తెరుచుకుని ఉంది. మావాడు తులసికుండీ అంచు మీద ఒక కాలు పెట్టి, రెండో మోకాలు రెయిలింగ్ మీదికి తెచ్చుకుని, ఒక చెయ్యి చాచి ఉన్నాడు. చేప తోక వాడి వేళ్ళకు బెత్తెడు దూరంలో ఎగురుతోంది. వాడి వెనక నాకు ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు.

అరవడానికి నోరు తెరిచాను. ఆపా వెనక్కి తిరగలేదు, కానీ ఆమె ఎడమచెయ్యి వెనక్కి వచ్చి నా చేతిని పట్టుకుని నలిపేసింది.

"ఏం చేస్తాండావ్ చిన్నోడా?" అంది. రోజూ అడిగే గొంతుతోనే, కూరలో ఉప్పు చాలిందా అన్నట్టుగా.

"చేపను పట్టుకుంటాండా," అన్నాడు వాడు, అటే చూస్తూ.

"అట్లనా. రోంత ఆగు. నేనూ చూస్తా."

అంటూనే ఆమె గుమ్మం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నా చెయ్యి వదిలింది. సోఫా కాలి దగ్గర తాడుముడిని చూసింది. చూసింది అంటే, ఒక్క క్షణమే. ఆ క్షణంలో ఆమె ముఖం నాకు పక్కనుంచి కనిపించింది. ఆమె ఏడుస్తోంది, శబ్దం లేకుండా. తర్వాత ముడి కొస పట్టుకుని లాగేసింది.

తాడు నేల మీద సరసరా జారిపోయింది. కమ్మీ మీంచి ఒక్కసారి ఎగిరింది. గాలి చేపను ఎత్తుకుపోయింది. మావాడి చెయ్యి ఖాళీగాల్లో ఆగిపోయింది. వాడు కాసేపు అలాగే ఉన్నాడు. ఆ కాసేపు నేను బతికి లేను.

"పోయింది," అన్నాడు.

మోకాలు దించాడు. కుండీ మీంచి కాలు దించాడు. మూతి ముడుచుకుని, సందులోంచి హాల్లోకి వచ్చి, "ఆపా, చేప పోయింది," అని ఏడుపు అందుకున్నాడు. వాడు చేతికందాక ఆమె వాడి చొక్కా పట్టుకుంది. రెండు చేతులా పట్టుకుంది. నేను తలుపు మూసి గడియ వేసి, దానికి వీపు ఆనించి కింద కూలబడ్డాను. పడగ్గదిలో ల్యాప్‌టాప్ నా పేరు పిలుస్తోంది.

తర్వాతెప్పుడో అడిగాను, ఎందుకు పరిగెత్తలేదని. "పరిగెత్తితే వాడు తొందరపడతాడు. గట్టిగా పిలిస్తే తిరగతాడు," అంది. "వానికి చేప కావల్ల. చేపే లేకపోతే ఇంగ వానికి ఆడేం పని?"

ఆ మధ్యాహ్నం ఆమె కిందికి వెళ్ళింది. వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని పార్కింగు, చెత్తడబ్బాలు, ఎదుటి ఇసుకస్థలం, పక్క భవనం ముందున్న ఖర్జూరపు చెట్లు అన్నీ వెతికింది. బలదియా అని బెదిరించిన ఆ ముసలాయనే నిచ్చెన తెచ్చి చెట్టు మట్టల్లో కర్రతో గుచ్చి చూశాడు. దొరకలేదు. చీకటి పడేవేళకు ముఖం నిండా ఇసుకతో పైకి వచ్చింది. నేను ఆమె కాళ్ళ మీద పడబోతే దూరం జరిగింది.

"ఖలాస్ మ్మా. నీ బిడ్డ ఉండాడు," అంది. తలగుడ్డలోంచి ఇసుక దులుపుతూ, "ఆయమ్మ బిడ్డ సంగతే తెలీదు. ఆ తల్లి అడిగితే ఏం చెప్పల్ల?" అంది.

మా ఆయన ఆ సాయంత్రమే బాల్కనీకి తాళం వేయించాడు. తులసికుండీని హాల్లోకి తెచ్చాను. ఎండకు మాడిపోతోందని అత్తగారికి చెప్పాను. ఆన్‌లైన్లో వెతికి అదే నీలం, అదే కొలత చేపను తెప్పించి ఆపా ముందు పెట్టాను. విప్పి, కన్ను తడిమి చూసి, మళ్ళీ జాగ్రత్తగా మడతపెట్టి ఇచ్చేసింది. "ఇది బాగుండాది. కానీ హారూన్‌ది కాదు గదా," అంది.

ఆ తర్వాత ఆమె భయం మారింది. ఇదివరకు మా ఇంటి గోడల మధ్యే తిరిగే భయం ఇప్పుడు సముద్రం దాటింది. టీవీలో జపాన్‌లో భూకంపమని వస్తే అన్నం ముట్టేది కాదు. తుపానంటే అంతే. చిన్నపిల్లలెవరైనా దగ్గితే హారూన్‌కు చిన్నప్పుడు దగ్గు ఎక్కువ అనేది. నువ్వు వాడికేం అన్యాయం చేయలేదు ఆపా, గుడ్డముక్కే కదా అని నేనొకసారి అన్నాను. నా బిడ్డ ప్రాణం నిలబెట్టుకుని నేనలా అనడం నాకే సిగ్గేసింది. ఆమె కోప్పడలేదు. "గుడ్డముక్కే. కానీ నేను చేతులారా ఇడిసిపెట్టినా," అంది.

అప్పటినుంచే ఆ కొత్త అలవాటు. వంటింట్లోంచి "యాడుండావ్?" అంటుంది. మావాడు "ఉండా," అంటాడు. ఆమె కాసేపు ఆగి మళ్ళీ అడుగుతుంది, ఈసారి నెమ్మదిగా, "యాడుండావ్?" అని. మొదట్లో వాడు, "చెప్పినా కదా ఆపా," అని విసుక్కునేవాడు.

"ఇది నీకు కాదులే. అన్నకు. వానికి ఇనపడదు, నువ్వు చెప్పు."

వాడికి అన్న ఉన్నాడని తెగ సంబరమైంది. రెండోసారి గొంతు లావుగా చేసి, పెద్దపిల్లాడిలా, "ఉండా," అనేవాడు. అది వింటేనే ఆమె మళ్ళీ గరిటె అందుకునేది. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆ రెండో "ఉండా" వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకునేదాన్ని. ఎందుకో చెప్పలేను. అది రాకపోతే ఎక్కడో ఏదో అవుతుందని నాకూ అనిపించేది.

మోకాళ్ళు అరిగిపోయి, నిలబడలేక, మరుసటి ఏడు రాయచోటికి వెళ్ళిపోయింది. విమానాశ్రయంలో మావాడి వీపు వెనక చెయ్యి పెట్టుకునే లోపలి గేటు దాకా నడిచింది. తర్వాత ఏటా మే అయిదున ఫోన్. ఎలా ఉన్నారు, ఎండలెలా ఉన్నాయి ఏమీ ఉండవు. ఎత్తగానే, "పిల్లోడు ఉండాడా మ్మా?" అనేది. ఉన్నాడు ఆపా అనేదాన్ని. "ఆఁ," అనేది. పెట్టేయదు. అటు నుంచి ఊపిరి చప్పుడు వినిపిస్తూ ఉండేది. నేనే అందుకుని, "ఇద్దరూ ఉన్నారు ఆపా," అంటే అప్పుడు పెట్టేసేది. నాకేం తెలుసని అలా చెప్పానో ఆ దేవుడికే తెలియాలి.

ఈ ఏడు ఫోన్ రాలేదు. ఎక్కణ్ణుంచి వస్తుంది? సిగ్నల్ దగ్గర చేపను చూసిన సాయంత్రం, వంటింట్లో నిలబడి ఉల్లికాడలు తరుగుతున్నాను. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. మావాడు ఏ గదిలో ఉన్నాడో తెలియలేదు. తాళం ఉంది, వాడు పెద్దవాడయ్యాడు, అన్నీ తెలుసు. అయినా తరగడం ఆపేశాను. ఆపా పోయిన సంగతి వాడికి ఇంకా చెప్పలేదు కూడా.

"యాడుండావ్?" అని పిలిచాను. మా ఇంట్లో ఆ మాట వినపడి మూడేళ్ళయింది.

వెళ్ళి చూద్దామని కత్తి కింద పెట్టేశాను.

"ఉండా," అన్నాడు, లోపలి గదిలోంచి, పుస్తకంలోంచి తలెత్తకుండా అన్నట్టు.

ఊపిరి వదిలి మళ్ళీ కత్తి అందుకోబోయాను. నేను రెండోసారి అడగలేదు. అడగాలని నాకు తట్టనైనా లేదు. అప్పుడు ఆ గదిలోంచే, గొంతు కొంచెం లావు చేసుకుని, వాడే అన్నాడు.

"ఉండా."